దొడ్డు కాయకు విత్తనం ఎక్కడ ఏరాలి?

(వరంగల్‌లో రైతులు, వ్యవసాయ విద్యార్థుల సమక్షంలో ఎం.ఎస్. స్వామినాథన్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



స్వామినాథన్ గారి పేరు చెప్పగానే గోధుమ గుర్తొస్తుంది, ఆ తర్వాత వరి. ఆయన మొదలుపెట్టింది మాత్రం ఆలుగడ్డతో. 1949లో నెదర్లాండ్స్‌లోని వాఖెనింగెన్‌కు వెళ్లి ఆలుగడ్డ అడవి చుట్టాల మీద పని చేశారు. 1952లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకున్నదీ ఆ పంట మీదనే. అక్కడినుంచి అమెరికాలోని విస్కాన్సిన్‌కు వెళ్లి మంచుకు తట్టుకునే ఆలుగడ్డ కోసం పాటుపడ్డారు. ఆలుగడ్డ, టమాటా, వంకాయ, మిరప ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. కాబట్టి ఆయన స్మృతిలో ఈ ఊళ్లో మాట్లాడమన్నప్పుడు గోధుమ జోలికి పోవాలనిపించలేదు. గోధుమ మీద మాట్లాడేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. మన చపాటా మిర్చి మీద మాట్లాడేవాళ్లే తక్కువ.

ఆయన పుట్టింది 1925 ఆగస్టు 7న. ఆయన శతజయంతి సంవత్సరంలోనే, 2025లో, వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాకతాళీయమే. కానీ ఇవాళ్టి మాటకు ఇంతకన్నా మంచి సందు దొరకదు.

చపాటా అంటే ఈ సభలో ఎవరికీ పరిచయం అక్కర్లేదు. పుస్తకంలో చదివేవాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. సన్నగా, పొడుగ్గా ఉండే గుంటూరు కాయ లాంటిది కాదు ఇది. పొట్టిగా, బుగ్గలు తేలి, చేతిలో పట్టుకుంటే టమాటా పట్టుకున్నట్టే ఉంటుంది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో దీన్ని టమాటా మిర్చి అనే పిలుస్తారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. పచ్చళ్లకు, రంగు తీసే కంపెనీలకు ఇదే కావాలి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఎనభై ఏళ్లుగా సాగులో ఉంది. 20 వేల మందికి పైగా రైతులు పండిస్తున్నారు. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ 2022లో దరఖాస్తు పెట్టింది. మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం వెన్నంటి ఉన్నాయి. మూడేళ్లకు గుర్తింపు చేతికొచ్చింది.

ఇంతకీ ఈ కాయను ఇంత దొడ్డుగా చేసిందెవరు? ఏ కంపెనీ కాదు, ఏ ప్రయోగశాలా కాదు. ఏటా కాయలు ఏరి, విత్తనం కట్టి, చూరుకు వేలాడదీసిన చేతులు. ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవి. వాళ్ల పేర్లు ఏ దస్త్రంలోనూ లేవు. ఆ ఏరుడులో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఇప్పుడు ఏం చేయాలి అన్నదే ఇవాళ్టి విషయం.

బల్ల మీద రెండు కాయలు పెట్టించాను. ఒకటి నాటు టమాటా, ఒకటి చపాటా. రెండింటినీ అడ్డంగా కోస్తున్నాను, ముందున్నవాళ్లు చూడండి. టమాటాలో గింజలున్న గదులు లెక్కపెట్టండి: ఆరు, ఏడు కనిపిస్తున్నాయి. దక్షిణ అమెరికా అడవి టమాటాను ఇట్లాగే కోస్తే రెండే గదులుంటాయి. అది మేడిపండంత కూడా ఉండదు, రెండు మూడు గ్రాములు తూగితే గొప్ప. దానినుంచి అరకిలో, కిలో తూగే కాయ దాకా రావడానికి రెండు దారులు పట్టాయి. ఒకటి గదులు పెరగడం, రెండోది కాయలోని కణాల సంఖ్య పెరగడం.

రెండో దాని కథ బాగుంటుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ టాంక్స్‌లీ బృందం 2000 సంవత్సరంలో టమాటా బరువును శాసించే జన్యువును మొదటిసారి పట్టుకుంది. దాని పేరు ఎఫ్‌డబ్ల్యు 2.2. కాయ బరువులో దాదాపు 30 శాతం దాకా తేడాకు ఇదొక్కటే కారణం కాగలదు. విచిత్రమేమంటే అది కాయను పెంచే జన్యువు కాదు, ఆపే జన్యువు. పిందెలో కణాలు విడిపోవడానికి అది కళ్లెం వేస్తుంది. సాగు టమాటాలో ఆ కళ్లెం వదులైంది, అంతే. వాళ్లు అడవి టమాటాలోని రూపాన్ని తీసుకొచ్చి పెద్ద టమాటా మొక్కలో పెడితే కాయ చిన్నబోయింది. రుజువు అక్కడితో పూర్తయింది. వేల ఏళ్ల క్రితం ఎవరో రైతులు పెద్ద కాయను ఏరుకుంటూ పోయారు. తమకు తెలియకుండానే వాళ్లు ఏరింది ఈ వదులు కళ్లేన్ని.

గదుల కథ దీనికంటే రైతుకు ఎక్కువ పనికొస్తుంది. మొక్క కొనలో పెరిగే ముద్ద ఎంత వెడల్పు ఉండాలో ఒక జన్యువు కట్టడి చేస్తుంది. టమాటాలో ఆ జన్యువు దగ్గర ఒక ముక్క తలకిందులైంది. కట్టడి తగ్గింది, ముద్ద వెడల్పయింది, పూమొగ్గలో దళాలు పెరిగాయి, కాయలో గదులు పెరిగాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గదుల లెక్క పూమొగ్గలోనే, పువ్వు విచ్చకముందే తేలిపోతుంది. ఆ తర్వాత ఎన్ని తడులు పెట్టినా, ఎంత యూరియా చల్లినా రెండు గదుల కాయ నాలుగు గదులది కాదు. మొగ్గ దశలో చలి పడితే లెక్క కొంత మారవచ్చు గానీ, నీళ్లూ ఎరువులూ బరువును మారుస్తాయి, గదులను పెద్దగా మార్చవు. మిరపలోనూ అంతే. సన్న రకాలను కోస్తే ఎక్కువగా రెండు గదులు, దొడ్డు రకాల్లో మూడు, నాలుగు. ఇదిగో ఈ చపాటాలో మూడున్నాయి.

అంటే ఏమిటి? కాయ తూకం చూసి విత్తనం ఏరితే సగం మోసపోతాం. కోసి గదులు లెక్కపెడితే తక్కువ మోసపోతాం. ఈ మాట ఏ విత్తన దుకాణంవాడూ చెప్పడు, చెప్తే వాడికేం లాభం?

ఇక ఏరడం సంగతి. ఒహాయో రాష్ట్రంలో అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ అనే విత్తన రైతు ఉండేవాడు. ఆయన కాలానికి టమాటాలు గాళ్లు గాళ్లుగా, లోపల బోలుగా, నడుమ గట్టి దూటతో ఉండేవి. నున్నని, కండగల కాయ కోసం ఆయన పదిహేనేళ్లు కష్టపడ్డాడు. ఏటా పంటలోంచి అన్నిటికంటే మంచి కాయలు ఏరడం, వాటి గింజలు వేయడం, మళ్లీ పాత గాళ్ల కాయలే రావడం. చివరికి ఒక రోజు చేలో ఒక మొక్క కనిపించింది. దాని మీది కాయలన్నీ ఒకే తీరుగా నున్నగా ఉన్నాయి, కానీ చిన్నవి. ఆయన ఈసారి కాయను పట్టించుకోలేదు, ఆ మొక్కను పట్టుకున్నాడు. దాని విత్తనం వేరుగా వేసి, అందులోనూ మంచి మొక్కలను ఎంచుకుంటూ పోతే ఐదేళ్లలో కాయ పెద్దదైంది, కండ పట్టింది. 1870లో దాన్ని పారగాన్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. పదిహేనేళ్లలో కానిది ఐదేళ్లలో అయింది. ఆయన తన పుస్తకంలో ఈ సంగతి దాచుకోకుండా రాశాడు.

ఎందుకట్లా? దీనికి సమాధానం డెన్మార్క్‌లో దొరికింది. విల్హెల్మ్ యోహన్సెన్ 1903లో చిక్కుడు గింజలతో ఒక పని చేశాడు. ఒకే గింజ సంతానం నుంచి పెద్ద గింజలు ఒక పక్క, చిన్న గింజలు ఒక పక్క ఏరి తరతరాలుగా వేశాడు. రెండు పక్కలా సగటు గింజ బరువు ఒక్కటే వచ్చింది. ఒక మొక్కలోని పెద్ద గింజకూ చిన్న గింజకూ మధ్య తేడా తిండిది, చోటుది, పుట్టుకది కాదు. పుట్టుకలో తేడా ఉంటే మొక్కకూ మొక్కకూ మధ్య ఉంటుంది. అందుకే కాయను కాయతో పోల్చడం దండగ, చెట్టును చెట్టుతో పోల్చాలి.

ఇప్పుడు మన కల్లం దగ్గరికి రండి. ఎర్రగా ఆరబోసిన రాశి చుట్టూ కూర్చొని, అందులోంచి దొడ్డు కాయలు ఏరి విత్తనానికి పక్కన పెడతాం. రాశిలో పడ్డాక ఏ కాయ ఏ చెట్టుదో తెలుసా? గట్టు పక్కన, నీళ్లు ఎక్కువ తాగిన చెట్టుదా, పక్క మొక్క చచ్చిపోయి చోటు దొరికిన చెట్టుదా, నాలుగే కాయలు కాసి వాటినే లావుగా చేసిన చెట్టుదా? ఈ చివరిదే అన్నిటికంటే ప్రమాదం. దొడ్డు కాయలు రాశిలోంచి ఏరుతూ పోతే, తక్కువ కాసే చెట్లను మనకు తెలియకుండానే పెంచుకుంటూ పోతాం. చపాటా దిగుబడి తక్కువ అని నిట్టూర్చే రైతుల్లో కొందరైనా తమ ఇంటి విత్తనాన్ని ఇట్లా తగ్గించుకున్నారేమో అని నా అనుమానం. పాతకాలం ముసలమ్మలు తోటలోనే మంచి చెట్టుకు గుడ్డపీలిక కట్టి, దాని కాయలు వేరుగా కోసేవాళ్లు. అది యోహన్సెన్ చదివి కాదు. ఏరే కూలీలు ఎక్కువై, తోట మొత్తం ఒకే ఊపున కోసేసే రోజులు వచ్చాక ఆ పీలిక పోయింది.

చెట్టును ఎంచుకున్నా గట్టు పక్క బలం సంగతి మిగిలే ఉంటుంది. దానికి అమెరికాలోని నెబ్రాస్కాలో చార్లెస్ గార్డ్‌నర్ 1961లో మక్కజొన్నకు ఒక సులువైన ఉపాయం చెప్పాడు. చేనంతటిలో మంచి చెట్లు ఏరొద్దు, చేనును గళ్లుగా కొట్టి, ఏ గడిలోని మంచివి ఆ గడిలోనే ఏరు అన్నాడు. మన లెక్కకు తెచ్చుకుందాం. రెండడుగుల సాళ్లలో రెండడుగులకో మొక్క పెడితే ఎకరానికి దాదాపు పదకొండు వేల మొక్కలు. ఎకరాన్ని 40 గళ్లు చేస్తే గడికి 270 మొక్కల పైనే. ప్రతి గడిలో ఆ గడిలోని అన్ని మొక్కలకంటే మంచిదాన్ని ఒక్కదాన్ని ఎంచుకోవాలి. బలమైన మడిలోని మొక్క పక్క బలమైన మొక్కతోనే పోటీ పడుతుంది, సన్న మడిలోనిది సన్న మడిలో దానితోనే. గట్టు మొక్కలను లెక్కలోకి తీసుకోవద్దు. మొదటి కోతకు ఎంపిక చేయవద్దు, మొదటి కాయలు ఎవరికైనా లావే. రెండో కోత ముందు తిరగాలి. చెట్టు మీద మొత్తం కాత చూడాలి, ఆకు ముడత ఉందా చూడాలి, ఆ తర్వాత రెండు కాయలు కోసి గదులు చూడాలి. అప్పుడు పీలిక కట్టాలి.

2021-22లో నల్ల తామర పురుగు మన తోటలను ఎట్లా తుడిచిపెట్టిందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది పక్క తోటలు మాడిపోయినా నాలుగు చెట్లు పచ్చగా నిలిచిన చేలు ఉంటే, వాటి విత్తనం ఎవరైనా వేరుగా కట్టి ఉంటే, అది బంగారం. ఆ ఏడాదే, 2022 మార్చిలో, ఏనుమాములలో దేశీ మిర్చి క్వింటా 50 వేలు దాటి తులం బంగారం ధరను మించింది కూడా. ధర చూసి అందరూ కాయలు అమ్ముకున్నారు, తప్పు పట్టలేం.

ఇక్కడిదాకా టమాటాకూ మిరపకూ ఒకే పాఠం. ఇక్కడినుంచి దారులు వేరు. టమాటా పువ్వు చూడండి, కేసరాలు గొట్టంలా చుట్టుకుని కీలాగ్రం లోపల దాగి ఉంటుంది. తన పుప్పొడే తనకు. మంచి టమాటా మొక్క దొరికితే లివింగ్‌స్టన్ లాగా దాని విత్తనం పక్కన పెడితే చాలు, తల్లి లాంటి బిడ్డే వస్తుంది. మిరప పువ్వు అట్లా కాదు. కేసరాలు విడివిడిగా, కీలాగ్రం బయటికి వచ్చి ఉంటుంది. తేనెటీగ, కందిరీగ వాలితే పక్క చేని పుప్పొడి తెచ్చి పెడుతుంది. ఇందాక చెప్పిన టాంక్స్‌లీయే 1984లో మిరప మీద ఈ పరీక్ష చేశాడు. గింజల్లో 40 శాతం దాకా పరాగసంపర్కం బయటి మొక్కలతో జరగగలదని తేలింది. టమాటా కాయ బరువు జన్యువును పట్టినవాడే మిరప గింజ తండ్రి ఎవరో కూడా చూశాడన్నమాట.

దీని అర్థం మనకు సూటిగా తగులుతుంది. మీ చపాటా పక్క చేలో సన్న కాయల, కారం ఎక్కువున్న తేజ రకం ఉంది. మీరు ఎంత మంచి చెట్టును ఎంచుకున్నా, దాని కాయలోని గింజల్లో కొన్ని తేజ తండ్రివి. వాటి కాయ సన్నబడుతుంది, కారం పెరుగుతుంది, రంగు తగ్గుతుంది. విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు ఊరికే రాయలేదు. టమాటా విత్తన చేనుకు మరో రకం చేను నుంచి మూలవిత్తనానికి 50 మీటర్లు, ధ్రువీకృత విత్తనానికి 25 మీటర్లు దూరం ఉంటే చాలు. మిరపకు 400, 200 మీటర్లు. అంటే ఎనిమిది రెట్లు.

దొడ్డు కాయ ఎంత దొడ్డుగా ఉండాలన్నది మరో సంగతి, అందరూ దాటేసేది. కాయ పెద్దదైతే ఏరుడు కూలి తగ్గుతుంది. రోజంతా వంగి ఏరే మనిషికి సన్న కాయ ఎన్ని కిలోలు వస్తుందో, దొడ్డు కాయ ఎన్ని వస్తుందో తెలిసిన రైతు దొడ్డు కాయను ప్రేమించడం సహజం. కానీ కండ దళసరి అయితే కల్లంలో ఆరడానికి రోజులు పడుతుంది. మధ్యలో మబ్బు పట్టినా, మంచు కురిసినా మచ్చలు పడి తాలు అవుతుంది. తాలుకు మార్కెట్లో ఏం ధర కడతారో తెలుసు కదా. టమాటాలో ఇంకో నష్టం తేలింది. ఫ్లోరిడాలో హ్యారీ క్లీ బృందం 2017లో వందల రకాలను పరీక్షించింది. కాయ పెరుగుతూ పోతే తీపి తగ్గుతూ పోయిందని చూపింది. పెద్ద కాయను ఎంచుకున్న చేతులే రుచిని వదులుకున్నాయి. చపాటాకు మన పిల్లల కాలంలో ఏం వదులుకుంటామో ముందే తేల్చుకోవాలి. నన్నడిగితే, ఉన్న సైజు చాలు. ఒక్క కాయను ఇంకా పెంచడం కన్నా, చెట్టుకు ఇప్పుడున్న సైజు కాయలు ఎక్కువ కాయించడం, అన్నీ ఒకే తీరుగా ఉండేలా చూడడం మేలు. మదనపల్లిలో టమాటా రైతును అడగండి, పెట్టెలో ఒకే సైజు కాయలుంటే ధర ఎట్లా వస్తుందో చెబుతాడు.

గుర్తింపు వచ్చింది కదా, ఇంకేం భయం అంటారా? భౌగోళిక గుర్తింపు పేరుకు కాపలా, విత్తనానికి కాదు. ఎవరో పక్క రాష్ట్రంలో పండించి వరంగల్ చపాటా అని అమ్మితే దావా వేయవచ్చు. అది పదేళ్లకోసారి పునరుద్ధరించుకునే హక్కు. మీ చేలోనే చపాటా సన్నబడిపోతే ఆ చట్టం ఏమీ చేయలేదు. విత్తనానికి వేరే చట్టం ఉంది, 2001 నాటి మొక్క రకాల, రైతుల హక్కుల చట్టం. రైతు తన విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్మవచ్చు అని 39వ సెక్షన్ చెబుతుంది. రైతుల రకాన్ని రైతుల పేరున నమోదు చేసుకునే వీలుంది. ఇట్లాంటి హక్కులు చట్టంలో ఉండాలని స్వామినాథన్ గారు ఎంతగా పట్టుబట్టారో విద్యార్థులు చదివి తెలుసుకోండి. హరిత విప్లవం అప్పుడే పుంజుకుంటున్న 1968 జనవరిలో, వారణాసిలో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెస్‌లో, అనేక స్థానిక రకాలను తుడిచేసి ఒకటి రెండింటినే దేశమంతా వేస్తే తెగుళ్ల చేతిలో పడతామని హెచ్చరించింది కూడా ఆయనే. తన విజయాన్ని తానే ముందుగా అనుమానించిన శాస్త్రవేత్త అరుదు.

ఆయన చేసిన ఇంకో పని మనకు నేరుగా పనికొస్తుంది. కొత్త గోధుమ వచ్చిన తొలినాళ్లలో ఢిల్లీ పక్కన జౌంతీ అనే ఊరిని ఎంచుకుని, ఊరంతా విత్తనమే పండించేలా చేశారు. పరిశోధన స్థానంలో గింజలు మొలిస్తే చాలదు, ఊరి రైతులే విత్తన రైతులు కావాలని నమ్మారు. విత్తన గ్రామం అన్న ఆలోచన దేశంలో పాకింది అక్కడినుంచే.

మనకు అది ఎందుకు కావాలో లెక్కతో చెబుతాను. మీ ఎకరం విత్తన చేను చుట్టూ 200 మీటర్ల దాకా వేరే మిరప ఉండొద్దు. ఒక చుక్క చుట్టూ 200 మీటర్ల వలయం గీస్తేనే 31 ఎకరాలు అవుతుంది, మూలవిత్తనానికైతే 124 ఎకరాలు. మన దగ్గర రెండెకరాలు, మూడెకరాల రైతులు. ఏ ఒక్కరి చేతిలోనూ అంత భూమి లేదు. తేజ వేసుకుంటానన్న పక్క రైతును వద్దనే హక్కు మీకు లేదు, అనాల్సిన పనీ లేదు. ఊరు కూర్చుని, ఊరికి ఒక చివర ఒక ముక్కను విత్తనానికి వదిలి, దాని చుట్టూ మక్క, పసుపు, పత్తి వేసుకునేలా మాట్లాడుకోవాలి. తిమ్మంపేట లాంటి కంపెనీలు ధరలు, గుర్తింపు పత్రాలతో పాటు ఈ పంచాయతీ కూడా పెట్టాలి.

అంతదాకా ఆగలేనివాళ్లకు ఒక చిన్న దారి ఉంది. పీలిక కట్టిన 40 చెట్ల విత్తనాన్ని ఒక్కో చెట్టుది ఒక్కో పొట్లం కట్టండి. సగం దాచండి, సగం వచ్చే ఏడు ఒక్కో చెట్టు సంతానం ఒక్కో సాలుగా వేయండి. ఏ సాలు చెదిరిపోయింది, ఏ సాలు ఒకే తీరుగా నిలిచింది మీకే కనిపిస్తుంది. మంచి సాళ్ల పొట్లాల్లో దాచిన సగాన్ని ఆ మరుసటి ఏడు ఒక మూల నారుమడి వల కింద నాటండి. తేనెటీగ దూరని వల చాలు; మిరప పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి కాబట్టి తన పుప్పొడితోనే కాస్తుంది, అప్పుడప్పుడు కొమ్మలు కదిపితే ఇంకా బాగా నిలుస్తుంది. ఆ వల కిందివి అమ్మకానికి కాదు, విత్తనానికి మాత్రమే. ఈ వానాకాలం నారు పోసేలోపు ఎవరెవరు చేస్తారో చేతులెత్తితే, పేర్లు రాసుకోవడానికి విద్యార్థులు కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.